నవలలోని నీరు, తెరమీది ఇసుక

అరాకీన్ నగరపు రాజభవనమున భోజనశాల గుమ్మమునకు ఇరుప్రక్కల రంగుపలకలు తాపిన నీటితొట్లను, వాని చెంత తువాళ్లను ఉంచుట పూర్వప్రభువుల కాలమునుండి వచ్చుచున్న యాచారము. విందునకు వచ్చిన ప్రతి యతిథియు ఆ తొట్టిలో చేతులు ముంచి, కొన్ని దోసిళ్ల నీరు నేలపై చల్లి, తువాలుతో తుడుచుకొని, ఆ తువాలును కాళ్లక్రింద మడుగు కట్టిన నీటిలోనే విసరివేసి లోనికి నడచును. విందు ముగిసిన పిమ్మట వెలుపల కాచుకొనియున్న బిచ్చగాండ్రు ఆ తువాళ్లను పిండగా కారిన మురికినీటితో గొంతు తడుపుకొందురు. వానచుక్క యెరుగని గ్రహమున నీటిని నేలపాలు చేయగలుగుటయే ఐశ్వర్యమునకు గురుతు. క్రొత్తగా పాలనకు వచ్చిన డ్యూక్ లీటో అట్రైడీస్ ఈ తంతును చూచి రోసి, దానిని ఆ పూటనే మాన్పించి, విందు జరుగునంతసేపును వాకిటికి వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క పాత్రెడు మంచినీరు పోయవలసినదని పరిచారికను ఆజ్ఞాపించును. ఆమె మొగము వాడిపోవును. ఏలయన, ఆ తువాళ్లనుండి పిండిన నీటిని బీదవారికి అమ్మి నాలుగు కాసులు చేసికొనవలెనని ఆమె తలపోసియున్నట్లు డ్యూక్ తటాలున గ్రహించును.

ఫ్రాంక్ హెర్బర్ట్ రచించిన 'డ్యూన్' నవలలో ఈ సన్నివేశము కొలది పంక్తులలో ముగిసిపోవును గాని, ఆ పంక్తులలో ఒక గ్రహముయొక్క ఆర్థికనీతి యంతయు ఇమిడియున్నది: పైనున్నవాని దర్పము, క్రిందివాని దాహము, నడుమ నున్నదాని చిల్లర వర్తకము, దయతలచిన ప్రభువు తన దయచేతనే ఒకరి జీవనము చెడగొట్టుట. డేవిడ్ లించ్ 1984లో తీసిన చలనచిత్రమున ఇది లేదు. డెనీ విల్నవ్ 2021లోను 2024లోను రెండు భాగములుగా తీసిన చిత్రములందును లేదు. 2000లో జాన్ హారిసన్ టెలివిజను కొరకు తీసిన ధారావాహికలో విందొకటి కలదు గాని, చక్రవర్తి కుమార్తెయగు ఇరులాన్‌ను అందు అతిథిగా కూర్చుండబెట్టి, కథను వేరొక దారి పట్టించిరి.

లేనివానిని వ్రేళ్లపై లెక్కించి చిత్రములను తూలనాడుట నవలాభిమానులకు పరిపాటి. ఆ పని నాకు రుచింపదు. వందలకొలది పుటల గ్రంథమును రెండుమూడు గంటల కాలమునకు కుదించువాడు ఏదో యొకటి విడువక తప్పదు. ఏది పోయినదని విచారించుటకంటె, పోయినదాని స్థానమున ఏమి వచ్చి కూర్చున్నదని పరికించుటయందు ప్రయోజన మెక్కువ.

హెర్బర్ట్ వృత్తిచేత పత్రికా విలేఖరి. 1957లో ఆయన ఆరెగన్ రాష్ట్రపు సముద్రతీరమందలి ఫ్లారెన్స్ అను పట్టణమునకు, గాలివాటున కదలుచు రహదారులను కప్పివేయు ఇసుకతిన్నెలను అరికట్టుటకై ప్రభుత్వ వ్యవసాయశాఖవారు గడ్డి నాటించుచున్న విధానమును చూచి వ్యాసము వ్రాయగోరి వెళ్లెను. ఆ వ్యాసము అచ్చునకు నోచుకొనలేదు. కాని దానికై చేసిన పరిశోధన, ఇసుకనుండి ఎడారికి, ఎడారినుండి ఎడారివాసుల బ్రతుకునకు, వారి బ్రతుకునుండి వారిలో పుట్టిన మతములకును ప్రవక్తలకును ఆయనను లాగుకొనిపోయి, 1963 డిసెంబరున 'అనలాగ్' పత్రికలో ధారావాహికగా తల యెత్తెను. పుస్తకముగా వేయుటకు ఇరువదిమందికి పైబడిన ప్రకాశకులు నిరాకరింపగా, మోటారుకార్ల మరమ్మతు పుస్తకములకు పేరుపడిన చిల్టన్ సంస్థ 1965లో దానిని వెలువరించెను. మరుసటి యేట హ్యూగో బహుమానమును మరియొక నవలతో పంచుకొనుటయు, నవలలకు అప్పుడే క్రొత్తగా నెలకొల్పిన నెబ్యులా బహుమానమును తొట్టతొలుత అందుకొనుటయు జరిగినవి. హెర్బర్ట్ 1986లో మరణించునప్పటికి ఈ పరంపరలో ఆరు నవలలు ముగిసినవి. మొదటి గ్రంథమును ఆయన అంకిత మిచ్చినది ఏ మహారాజునకో మిత్రునకో కాదు, మెట్టనేలల పర్యావరణమును శోధించు శాస్త్రజ్ఞులకు.

ఈ యంకితమును మనసునందుంచుకొని చదివినవారికి నవలకు ప్రాణస్థానము ఎక్కడనో తెలియును. అరాకిస్ గ్రహమున చక్రవర్తి నియమించిన పర్యావరణవేత్త లీట్ కైన్స్. శత్రువులగు హార్కొనెన్‌లు ఆతనిని, దేహమునందలి చెమ్మను పట్టి నిలుపు ఉడుపు లేకుండ, నడియెడారిలో విడిచిపెట్టుదురు. ఎండకు మతి చెదరి ఇసుకపై ప్రాకుచున్న ఆ శాస్త్రజ్ఞునకు, ఏనాడో గతించిన తండ్రి కంఠము వినబడసాగును. ఆ కంఠము కుమారుని దురవస్థను గూర్చి యొక్క మాటయైన పలుకక, పచ్చికను గూర్చియు తేమను గూర్చియు పాఠము చెప్పుచు, చెప్పుచు, నడుమ ఒకచో, తన ప్రజలు ఏ వీరపురుషుని వశమునకో పోవుదురేని వారికి అంతకుమించిన చేటు లేదని హెచ్చరించును. కథానాయకుడగు పాల్ అట్రైడీస్ అప్పటికి ఇంకను బాలుడు. తండ్రిని కోల్పోయి, తల్లితో ఎడారిలో దాగియున్నవాడు. పాఠకుని సానుభూతి యంతయు వానిమీదనే యున్నది. సరిగా ఆ తరుణముననే గ్రంథకర్త, మరణించుచున్న యొకని మతిభ్రమణమను చాటుననుండి, తన కథానాయకునిపై తానే తీర్పు చెప్పినాడు. విల్నవ్ చిత్రమున కైన్స్ స్త్రీ. ఆమె చక్రవర్తి సైనికుల కత్తికి గురియై, నేలను అరచేతితో తట్టి ఇసుకపురుగును రప్పించి, తన్ను చంపినవారితో కూడ దాని నోట బడును. చూడ ఘనముగనే యున్నది. కాని ఆ తండ్రి కంఠము లేదు, తీర్పు లేదు.

నవల నడుచునది మనుష్యుల తలలలోపల. ఒక గదిలో నలుగురు మాటాడుచుండిన, ఆ నలుగురి మనస్సులలోని ఎత్తులు, అనుమానములు, లెక్కలు వాలు అక్షరములలో పాఠకునకు దర్శనమిచ్చుచుండును. ఈ పద్ధతిని తెరకెక్కించుట యెట్లు? లించ్ ఆ తలపులను యథాతథముగా గుసగుసలుగా వినిపించెను. పాత్ర పెదవి కదల్పక నిలుచుండును, కంఠము మాత్రము నేపథ్యమునుండి వచ్చును. నవలకు విధేయత చూపబోయి చిత్రమును చెరచుట కిది చక్కని యుదాహరణము. పుటపై చదివినపుడు నిమిషమాత్రమున మెరసి మాయమగు ఊహ, తెరపై నటుడు దాని కొరకు నిరీక్షించి నిలుచుండగా, బరువెక్కి కూలబడును. విల్నవ్ అంతకంటె వివేకి. బెనె గెసెరిట్ సన్యాసినులలో వృద్ధయగు పూజ్యమాత పాల్ చేతిని పెట్టెలో పెట్టించి బాధను పరీక్షించు ఘట్టమున, నవల ఆ చేయి కాలుచున్నట్లును మాంసము రాలుచున్నట్లును బాలుని మనసులోనుండి వర్ణింపగా, విల్నవ్ పెట్టె లోపలిది చూపుట మానివేసి, తలుపునకు ఆవల వణకుచు మంత్రమువలె ధైర్యవాక్యములు జపించు తల్లి జెస్సికాను చూపినాడు. బాధ కుమారునిది, దాని కొలత తల్లి ముఖమునందున్నది. గ్రంథమునుండి దూరముగా జరిగియే గ్రంథమునకు సమీపించిన చోట్లలో ఇది యొకటి.

మరియొక చోట నవలా రీతిని సినిమాలు గ్రహింపలేకపోయినవని చెప్పక తప్పదు. డ్యూక్ లీటోను పట్టి యిచ్చు ద్రోహి ఆస్థానవైద్యుడగు యూయే యని హెర్బర్ట్ రెండవ అధ్యాయముననే బయటపెట్టివేసెను. ప్రతి యధ్యాయము తలయందును రాకుమారి ఇరులాన్ తరువాతి కాలమున వ్రాసినట్లు కల్పింపబడిన చరిత్రలనుండి యొక ఖండమునుంచి, జరుగబోవునది జరిగిపోయినదే యను భావమును పాఠకునిలో నాటెను. బుఱ్ఱకథ వినబోవువానికి బొబ్బిలికోట కూలునని తెలియదా? తెలిసియే పోయి తెల్లవారుదాక కూర్చుండును. ఏమి జరుగునను ఆత్రుత తొలగినవానికే ఎట్లు జరుగునను దుఃఖము పూర్తిగా దక్కును. విల్నవ్ చిత్రమున వైద్యుని ద్రోహము రాత్రివేళ అకస్మాత్తుగా బయటపడు రహస్యము. ప్రేక్షకుడు ఒక్కసారి ఉలికిపడును, అంతటితో సరి. నవలయందు మాత్రము, తన యింట తిరుగుచు తన బిడ్డకు మందిచ్చుచున్న మనిషిని డ్యూక్ నమ్మినపుడెల్ల మనకు కడుపులో చెయ్యి పెట్టి కలచినట్లుండును.

తీయకయే ప్రసిద్ధి కెక్కిన చిత్రమొకటి కలదు. 1970ల నడిమికాలమున చిలీదేశీయుడగు అలెహాండ్రో హొడొరోవ్‌స్కీ పారిస్‌లో కూర్చుండి, చక్రవర్తిగా చిత్రకారుడు సాల్వడార్ డాలీని, హార్కొనెన్‌ల ప్రభువగు బారన్‌గా ఆర్సన్ వెల్స్‌ను నియమింపదలచి, మోబియస్ చేత సుమారు మూడు వేల దృశ్యచిత్రములు గీయించి, ధనము చాలక విరమించెను. ఆయన వెంట పనిచేసిన డాన్ ఒబానన్, గీగర్ మున్నగువారు పోయి 1979లో 'ఏలియన్' చిత్రమునకు తోడ్పడుటచే, పుట్టని బిడ్డకు మనుమలు కలిగినట్లయినది. మన ప్రస్తుతమునకు కావలసిన సంగతి వేరు: ఆయన తలచిన ముగింపులో పాల్ మరణించును, ఆతని చైతన్యము అందరియందును ప్రవేశించును, ఎడారి గ్రహము పచ్చని వనమగును. అనగా రక్షకుడు రక్షించి తీరును.

ఇక లించ్ చిత్రము. దీనిని అపహసించుట సులభము. మెక్సికోలోని చురుబుస్కో స్టూడియోలలో అపారధనవ్యయముతో తయారై, 137 నిమిషములకు కత్తిరింపబడి, 1984 డిసెంబరున విడుదలైనపుడు, కొన్ని సినిమాహాళ్లలో ప్రేక్షకులకు కథలోని పదములకు అర్థములు ముద్రించిన కాగితము పంచిపెట్టవలసి వచ్చెనన్న, దాని స్పష్టత ఎంతటిదో ఊహింపవచ్చును. తరువాత టెలివిజను కొరకు సాగదీసిన ప్రతినుండి దర్శకుడు తన పేరునే తీసివేయించుకొనెను. ఐనను, పెద్ద గాజుతొట్టిలో మసాలావాయువున తేలుచు, మానుషాకారమును పోగొట్టుకొన్న నౌకాయాన సంఘపు నావికుడు చక్రవర్తి దర్బారునకు వచ్చు దృశ్యమును చూచినవారు మరువజాలరు. విశ్వమంతయు మసాలా యను ఒక మాదకద్రవ్యముపై ఆధారపడి నడుచుచున్నదను హెర్బర్ట్ భావమును అంత వికృతముగాను, కనుకనే అంత సత్యముగాను చూపినవాడు మరియొకడు లేడు. నౌకాయాన సంఘమును తరువాతి చిత్రములు దాదాపు మరచినవి.

కాని లించ్ చిత్రపు ముగింపు క్షమార్హము కాదు. శత్రువును గెలిచిన పాల్ మహిమచే అరాకిస్‌పై వాన కురియును. నవలను ఒక్కసారి శ్రద్ధగా చదివినవాడెవడైనను ఈ వానను చూచి తెల్లబోవును: ఆ గ్రహపు ఇసుకపురుగులకు నీరు విషము, పురుగులు లేనిదే మసాలా లేదు, మసాలా లేనిదే నక్షత్రయానము లేదు, సామ్రాజ్యము లేదు. ఆ యెడారివాసులగు ఫ్రెమెన్ ప్రజలు తమ చచ్చినవారి దేహములనుండి సైతము నీటిని తీసి, నేలమాళిగలలో తరతరములు కూడబెట్టి, మూడునుండి ఐదు వందల యేండ్లకు గాని ఫలింపని పచ్చదనమునకై పురుగులకు చోటు మిగిల్చి కొలతప్రకారము పాటుపడుట నవలలోని గొప్ప శ్రమగాథ. ఆ శ్రమనంతను ఒక్క జల్లు తుడిచివేసినది. హొడొరోవ్‌స్కీ వనము, లించ్ వాన – రెండును ఒకే కోరికకు రెండు రూపములు. కథానాయకుడు నిజముగనే దేవుడు కావలెను. గ్రంథమేమో, వాడు దేవుడని నమ్మినవారికి పట్టు గతిని చెప్పుటకు వ్రాయబడినది. పాల్‌ను రక్షకునిగా ఫ్రెమెన్‌లు గుర్తించు ఆనవాళ్లు, బెనె గెసెరిట్ సన్యాసినులు వెనుకటి తరములందు ప్రయోజనార్థము నాటిపెట్టిన కట్టుకథలని అందు మొదటనే చెప్పబడినది.

విల్నవ్ ఈ పొరపాటు చేయలేదు. ఆయన చిత్రముల వైభవమును గూర్చి విస్తరింప నక్కరలేదు: జోర్డాన్‌లోని వాదీరమ్ లోయలు, అబూధాబీ ఇసుకతిన్నెలు, తూనీగవలె రెక్కలాడించు విమానములు, పరారుణ కాంతిలో తీయుటచే రక్తము ఇంకిపోయినట్లు తెల్లబారిన హార్కొనెన్‌ల గ్రహము – మొదటి భాగమునకు లభించిన ఆరు ఆస్కార్‌లు ఊరక లభింపలేదు. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. హెర్బర్ట్ దృశ్యవర్ణనయందు అంత నేర్పరి కాడు. ఆయన ఇసుకను చూపడు, ఇసుక మనిషిచేత చేయించు పనులను చూపును – అడుగుల చప్పుడు పురుగునకు వినబడకుండ తాళము తప్పించి నడచుట, ముక్కుగొట్టములు సవరించుకొనుట, గౌరవించి ఉమ్మివేయుట. కన్నులకు కనబడు ఎడారిని మనకు మొదట ఇచ్చినది విల్నవే.

ఆ వైభవమున ఆయన చేసిన పెద్ద మార్పు చాని పాత్రయందున్నది. నవలలో చాని కైన్స్ కుమార్తె, తన జాతి మతకర్మలయందు పాలుపంచుకొను పూజారిణి, పాల్‌కు అర్ధాంగివంటిది. వారికి లీటో అను కుమారుడు పుట్టి, చక్రవర్తి సైనికుల దాడిలో చచ్చిపోవును. పాల్ చెల్లెలు ఆలియా తల్లి గర్భమునందే సర్వజ్ఞానము పొంది, పసిపిల్లగా తిరుగుచు, బారన్‌ను తన చేతనే చంపును. విల్నవ్ కొన్ని సంవత్సరముల ఈ కాలమును జెస్సికా గర్భముతో నున్న మాసములలోనికి కుదించెను. శిశువు పుట్టనే పుట్టదు, కుమారుడు లేడు, బారన్‌ను పాల్ చంపును. ఫ్రెమెన్‌లను ఉత్తరమున సంశయవాదులుగాను, దక్షిణమున మతోన్మత్తులుగాను రెండు చీలికలు చేసి, సంశయమునంతను జెండాయా ధరించిన చాని ముఖమునందు నిలిపెను. చివర పాల్ చక్రవర్తి కుమార్తె చేయి పట్టగా, నవలలోని చాని దుఃఖమును దిగమ్రింగి ప్రక్కననే నిలుచుండును, జెస్సికా ఆమెను ఓదార్చును. చిత్రములోని చాని కోపముతో వెలువడి ఎడారిలో పురుగునకై ఎదురుచూచును.

ఈ మార్పును మెచ్చుకొనని విమర్శకుడు అరుదు. పాఠకులు పాల్‌ను వీరునిగా పూజించిరని హెర్బర్ట్ విచారించెననియు, ఆయన యుద్దేశమును సుస్పష్టము చేయుటకే చానిని ఇట్లు తీర్చితిననియు విల్నవ్ చెప్పియున్నాడు. ఆ వాదమున బలము కలదు. ఉన్మత్తులై మోకరిల్లిన వేలమంది నడుమ నిలువుగా నున్న యువతిని చూచినపుడు, చిత్రమేమి చెప్పుచున్నదో పసిబాలునకైనను తెలియును. నాకు తృప్తి కలుగనిది సరిగా అక్కడనే. నవలలో సంశయించువాడు పాల్ ఒక్కడే. అందరును ఆతనిని నమ్ముదురు. ఆతడు మాత్రము తన పేరిట లోకములు దగ్ధమగుటను ముందుగా చూచి, తప్పించుకొను దారి వెదకి, దొరకక, కక్షతోను ప్రేమతోను కలసిన కారణములచేత ముందునకే నడచును. మనమును ఆతని వెంట నడచుచుందుము, గెలువవలెనని కోరుదుము, గెలిచిన పిమ్మట, మనము కోరినదేమో అప్పుడు తెలియును. చిత్రము మనకు ఈ యిబ్బంది లేకుండ చేసినది. చాని కన్నులతో చూచు ప్రేక్షకుడు మొదటినుండి వివేకుల పక్షముననే కూర్చుండి, భక్తుల మూఢతను జాలితో తిలకించి, నిర్దోషిగా ఇంటికి పోవచ్చును. ఫ్రెమెన్ నాయకుడగు స్టిల్గార్ వంటి ధీరుడు క్రమముగా భక్తుడై దిగజారుట నవలలో పాల్‌కు మిత్రుని పోగొట్టుకొన్న శోకము. చిత్రమున అది పలుమార్లు హాలులో నవ్వు పుట్టించినది.

ప్రేక్షకుడు అంత మూఢుడా, హెచ్చరికను నోటితో చెప్పినగాని వినడా యని అడుగవచ్చును. చరిత్ర విల్నవ్ పక్షమున సాక్ష్యమిచ్చుచున్నది. 'డ్యూన్ మెస్సయా' యను రెండవ నవలను, మొదటిదానిని ఉత్సాహముతో ప్రకటించిన 'అనలాగ్' సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ త్రిప్పి పంపెను; వీరుని వీరునిగా గాక విధివంచితునిగా చూపుట ఆయనకు గిట్టలేదు. 1969లో అది వేరొక పత్రికలో వెలువడెను. అందు, పట్టాభిషిక్తుడై పండ్రెండేండ్లు గడిచిన పాల్, పూర్వకాలపు నియంతల లెక్కలను తన లెక్కతో సరిచూచుచు, తన పేరిట చచ్చినవారు తక్కువ అంచనాకే 6,100 కోట్లనియు, తొంబది గ్రహములు నిర్జీవములైనవనియు నిర్వికారముగా చెప్పును. యుద్ధమును వర్ణింపక, దాని పద్దును మాత్రము చదివి వినిపించుటయందలి ఆ చలువ నన్నెప్పుడును వణకించును. 2003లో టెలివిజనువారు ఈ నవలను మూడవదానితో కలిపి 'చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్' ధారావాహికగా తీసిరి. ధనము తక్కువైనను, ఆ తడబాటు నటనల నడుమను, రాజ్యమేలుట యెంత అలసటయో అందు కొంత కనబడును.

పెద్దతెరపై 'డ్యూన్ మెస్సయా'ను విల్నవ్ ఇప్పుడు మూడవ భాగముగా తీసినాడు. దాని విడుదలకు 2026 డిసెంబరు నిర్ణయింపబడినది. తాను కల్పించిన చిక్కును తానే విప్పుకొనవలసిన పని ఆయనపై పడినది. నవలలో చాని కోటను విడిచిపోనేలేదు. పాల్ శయ్యను పంచుకొనుచు, వారసుని కొరకు తపించుచున్నది. పేరునకు మాత్రము పట్టమహిషియైన ఇరులాన్, ఆమె భోజనములో సంతానము కలుగనీయని మందును రహస్యముగా కలిపించుచున్నది. సన్యాసినులు, నౌకాసంఘమువారు, రూపము మార్చగల బహురూపి చేయు కుట్రయంతయు ఆ యొక్క దాంపత్యమును చుట్టుకొని యల్లినది. పాల్‌ను విడిచి ఎడారి పట్టిన చాని ఏ నమ్మకముతో, ఎవరి మాటపై, తిరిగి వచ్చి ఆ పళ్లెము ముందు కూర్చుండునో విల్నవ్ చెప్పవలసియున్నది.